యూటాలోని చెస్లర్ పార్క్ చుట్టుదారి: బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లు నడవగలరా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీరు, మీ భర్త బెంగళూరులో ఉంటారు. అక్టోబరు రెండో వారంలో మీ మామగారితో కలిసి అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఉన్న బంధువుల ఇంటికి వెళ్తున్నారు. అక్కడి నుంచి కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుకు వెళ్లి, నీడిల్స్ అనే భాగంలో ఉన్న చెస్లర్ పార్క్ చుట్టుదారిని ఒక్క రోజులో నడవాలనుకుంటున్నారు. మీరిద్దరూ బెంగళూరు దగ్గరి సావనదుర్గ, స్కందగిరి కొండలు ఎక్కారు. మామగారికి అరవై దాటాయి, రోజూ లాల్‌బాగ్‌లో గంటసేపు నడుస్తారు, రక్తపోటుకు మాత్ర వేసుకుంటారు. ముగ్గురికీ ఈ దారి కుదురుతుందా, బెంగళూరులో సాధన ఎలా చేయాలి అని అడిగారు.

కుదురుతుంది. మీరిద్దరూ పూర్తి చుట్టు నడవగలరు. మామగారు మొదటి కనుమ వరకు వచ్చి అక్కడి నుంచి వెనక్కి వెళ్లేలా ప్రణాళిక వేసుకోండి. ఆ రోజు ఆయన ఒంట్లో ఓపిక ఎలా ఉందో చూసి ముందుకు వెళ్లడం గురించి అక్కడే ఆలోచించవచ్చు. అయితే ఎక్కడి నుంచి, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో బయలుదేరకముందే ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. నేను చెప్పే మిగతా విషయాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఆ చుట్టుపక్కల ఉండి ఈ లోయల్లో చాలా తిరిగాను. బెంగళూరుకు వచ్చేశాక కూడా ఇక్కడి మిత్రులను వెంటబెట్టుకుని వెళ్తూనే ఉన్నాను. మన వాళ్లు అక్కడ ఇబ్బంది పడేది కొండ ఎక్కడంలో కాదు. సావనదుర్గ శిఖరం 1,226 మీటర్లు. దాని బండమీద చెమటోడ్చి పైకి వెళ్లిన మనిషికి నీడిల్స్‌లోని ఎక్కుడు, దిగుడు కొత్తేమీ కాదు. ఆ ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బెంగళూరు ఎలాగూ 900 మీటర్ల పైనే కాబట్టి గాలి పలుచనవుతుందన్న బెంగ అక్కర్లేదు.

మరి కష్టం ఎక్కడుంది? మన కొండల్లో అలసిపోతే దిగి వచ్చేస్తాం. దిగేకొద్దీ ఊరు దగ్గరపడుతుంది, కింద కొబ్బరిబోండాల బండి కనిపిస్తుంది. చుట్టుదారిలో ఆ వెసులుబాటు ఉండదు. సగం దారికి చేరాక ముందుకు నడిచినా వెనక్కి నడిచినా దూరం ఒకటే. నీళ్లు దొరకవు, చెప్పుకోదగ్గ నీడ తక్కువ, ఫోనుకు సిగ్నల్ దాదాపు ఉండదు. అందుకే ఇది మధ్యస్థమైన దారిలా అనిపించినా, తయారీ మాత్రం కష్టమైన దారికి చేసుకోవలసినంతా చేసుకోవాలి.

ముందు దారి స్వరూపం చెబుతాను. ఎలిఫెంట్ హిల్ అనే చోట కారు ఆపి మొదలుపెడతారు. పూర్తి చుట్టు దాదాపు 18 కిలోమీటర్లు. పార్కు చెప్పే సమయం 5 నుంచి 7 గంటలు. ఆగి చూస్తూ, ఫోటోలు తీసుకుంటూ నడిచే మనకు 8 గంటలు అనుకోండి. ఇది పూర్తిగా గుండ్రటి దారి కాదు. మొదటి 4.7 కిలోమీటర్లు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ దాదాపు ఒకటే. ఆ ముక్క చివర రాతి స్తంభాల మధ్య ఒక కనుమ ఉంటుంది. నిటారుగా ఎక్కి దాన్ని చేరితే, అవతల ఒక్కసారిగా విశాలమైన గడ్డి మైదానం, దాని చుట్టూ ఎరుపు తెలుపు చారల స్తంభాలు కనిపిస్తాయి. అదే చెస్లర్ పార్క్. ఇక్కడి నుంచి వెనక్కి వస్తే మొత్తం 9.3 కిలోమీటర్లు అవుతుంది. ఈ సగం దారి నడిచి వచ్చినా నీడిల్స్ అందంలో ముఖ్యమైనది చూసినట్టే. మామగారికి నేను చెబుతున్న గమ్యం ఇదే.

కనుమ దాటాకే అసలు చుట్టు మొదలవుతుంది. మైదానం అంచున నడిచి, జాయింట్ ట్రెయిల్ అనే ఇరుకు చీలికల్లో దూరి, బయటపడ్డాక జీపులు తిరిగే మట్టిబాట మీద కొంత దూరం పోయి, మళ్లీ కాలిబాట పట్టి పాత దారిని కలుసుకుంటారు.

ఈ చీలికలు ఎలా వచ్చాయో తెలిస్తే ఆ నడక మరింత బాగుంటుంది. అక్కడి రాయి సీడర్ మేసా ఇసుకరాయి. ఇరవై ఐదు కోట్ల ఏళ్లకు పైబడిన రాయి అది. తెల్ల చారలు సముద్రతీరపు ఇసుక, ఇసుకమేటలు గట్టిపడినవి. ఎర్ర చారలు తూర్పున ఉన్న కొండల నుంచి ఏరులు మోసుకొచ్చిన ఇనుపధాతువు గల మట్టి. ఈ రాతికి చాలా లోతున, ఇంకా పాత కాలపు సముద్రం ఎండిపోగా మిగిలిన ఉప్పు మందమైన పొరగా ఉంది. పైబరువుకు ఉప్పు మెల్లగా జారుతుంది. అది కొలరాడో నది లోయవైపు జరుగుతున్నకొద్దీ పైనున్న పెళుసు రాయి నిలువునా, వరుసలు వరుసలుగా పగిలింది. ఆ పగుళ్లను వాన, మంచు వెడల్పు చేశాయి. పగుళ్ల మధ్య మిగిలిన రాయే స్తంభాలు. మీరు జాయింట్ ట్రెయిల్‌లో నడిచేది అలాంటి ఒక పగులు అడుగున.

లోపలికి వెళ్లగానే ఎండ తెగిపోయి గాలి చల్లబడుతుంది. కింద మెత్తటి ఇసుక, రెండు పక్కలా తలకు చాలా పైదాకా గోడలు, మీద సన్నటి నీలం చీలిక. కొన్ని చోట్ల రెండడుగుల వెడల్పే ఉంటుంది. వీపున సంచి ఉంటే గోడకు ఒరుసుకుంటుంది. దాన్ని తీసి ఒక చేత్తో ముందుకు పట్టుకుని పక్కకు తిరిగి జరగాలి. మోచేతులు గీసుకుపోతాయి కాబట్టి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. నీళ్ల సీసాలను సంచి పక్క జేబుల్లో పెట్టకండి, అక్కడే జారిపోతాయి. ఇరుకులో ఊపిరాడనట్టు ఉండే స్వభావం మీలో ఎవరికైనా ఉంటే, ఎమ్మారై యంత్రంలో పడుకోలేకపోయిన అనుభవం లాంటిది ఉంటే, ఆ మాట ముందే చెప్పుకోండి. చీలిక మధ్యలో తెలిసి రావడం మంచిది కాదు.

నీళ్లు. రోజుకు మనిషికి 4 లీటర్లు. పార్కు చెప్పే లెక్క ఇదే, నేను దీన్ని ఎవరికీ తగ్గించను. దారి పొడవునా నమ్మదగిన నీటి వనరు లేదు. బండల గుంటల్లో వాననీళ్లు కనిపిస్తే వాటిని ముట్టుకోకండి. అందులో చిన్న రొయ్యల్లాంటి ప్రాణులు కొద్ది వారాల్లో పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టి ముగించుకుంటాయి. మన చేతికున్న సన్‌స్క్రీన్ కలిసినా వాటికి ముప్పే. ఇంకో సంగతి, చెన్నైలోనో విజయవాడలోనో చెమట పడితే చొక్కా తడిసి మనకు హెచ్చరిక అందుతుంది. ఆ ఎడారి గాలిలో చెమట పుట్టీ పుట్టకముందే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, మెడ దగ్గర తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి నాలుగు గుక్కలు తాగండి.

నీళ్లతో పాటు ఉప్పు కూడా ఒంట్లోకి పోవాలి. ఒకసారి మా బృందంలో ఒక కుర్రవాడు నీళ్లు బాగానే తాగాడు కానీ ఏమీ తినలేదు. మధ్యాహ్నానికి తలనొప్పి, వాంతి వచ్చేట్టు వికారం, మాటలో మందకొడితనం. చీలికల నీడలో కూర్చోబెట్టి, ఓఆర్ఎస్ కలిపిచ్చి, ఉప్పు వేరుశనగలు తినిపిస్తే గంటకు తేరుకున్నాడు. ఇక్కడి మందుల దుకాణంలోనే మనిషికి మూడు నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు కొనుక్కుని వెళ్లండి. పల్లీ చిక్కీ, ఖర్జూరాలు, ఉప్పు వేసిన జీడిపప్పు, ముందురోజు చేసుకున్న చపాతీలు ఆ ఎండకు చెడకుండా నిలుస్తాయి. గంటకోసారి కొద్దికొద్దిగా తినాలి.

మామగారి మాత్ర గురించి ఒక ముఖ్యమైన మాట. రక్తపోటు మందుల్లో కొన్ని మూత్రాన్ని ఎక్కువగా పోయించి ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. ఆయన వాడేది ఆ రకమేమో, ఎడారిలో రోజంతా నడిచే రోజున దాన్ని ఎలా వాడాలో ఆయన డాక్టరును అడిగి వెళ్లండి. సొంతంగా మానేయకండి.

2024 జులైలో ఇదే పార్కులో ఐలాండ్ ఇన్ ద స్కై అనే వేరే భాగంలో, సింక్‌లైన్ లూప్ అనే 13 కిలోమీటర్ల చుట్టుదారిలో ఒక తండ్రీ కూతురూ దారి తప్పి, నీళ్లు అయిపోయి, ఎండదెబ్బకు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు ఎండ 38 డిగ్రీలు దాటింది. సాయం కోసం సందేశం పంపారు, రక్షణ సిబ్బంది చేరేసరికి ఆలస్యమైంది. మీరు వెళ్లే అక్టోబరులో అంత ఎండ ఉండదు, పగలు హాయిగానే ఉంటుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. దూరం తక్కువే కదా అన్న ధీమా ఈ లోయల్లో పనికిరాదని చెప్పడానికే ఈ సంగతి ఎత్తాను.

దారి కనుక్కోవడం. మన వాళ్లకు పూర్తిగా కొత్త విద్య ఇది. దారిలో చాలా భాగం నున్నటి బండమీద పోతుంది కాబట్టి కాలిబాట కనిపించదు. చిన్న రాళ్లను ఒకదానిమీద ఒకటి పేర్చిన గుట్టలే గుర్తులు. అవి మోకాలి ఎత్తు కూడా ఉండవు. బండ రంగే వాటి రంగు కావడంతో నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నీడ పడక కళ్లెదుట ఉన్నవి కూడా కలిసిపోతాయి. కాస్త వంగి, చూపును నేలకు దగ్గరగా పోనిస్తే ఆకాశం మీదికి పొడుచుకుని కనిపిస్తాయి. మా పద్ధతి ఇది: ఒక గుట్ట దగ్గరికి చేరాక తరువాతిది కంటికి ఆనేదాకా కదలం. కనిపించకపోతే ఒకరు అక్కడే నిలబడతారు, ఇంకొకరు మాట వినిపించే దూరంలో చుట్టూ వెతికి వస్తారు. ఇద్దరూ కలిసి వెతకడానికి వెళ్తే ఉన్న ఒక్క గుర్తు కూడా పోతుంది.

అడుగుజాడలను నమ్మకండి. చెన్నై నుంచి వచ్చిన ఒక మిత్రుల జంట ఇసుకలో కనిపించిన అడుగులు పట్టుకుని ఒక ఎండిన వాగులోకి చాలా లోపలికి పోయారు. ఆ అడుగులు తమలాగే దారి తప్పి వెనక్కి వచ్చిన వాళ్లవని తరువాత అర్థమైంది. పక్కదారికి అడ్డంగా ఎండుకొమ్మో రాళ్ల వరుసో పెట్టి ఉంటే అటు పోవద్దని అర్థం. మీరు సరదాకి కొత్త గుట్టలు పేర్చకండి, వెనక వచ్చేవాళ్లు వాటిని నమ్మి తప్పిపోతారు. ఫోనులో ఆ ప్రాంతపు పటాన్ని, ముందురోజు బస చేసే మోయాబ్ ఊళ్లోనే దించుకుని పెట్టుకోండి. కాగితం పటం కూడా సందర్శకుల కేంద్రంలో అడిగి తీసుకోండి.

దారి పక్కన నల్లగా, చిన్న చిన్న బొడిపెలతో పొంగినట్టున్న నేల కనిపిస్తుంది. చూడటానికి మాడిన మట్టిలా ఉంటుంది కానీ అది సజీవమైన పొర. సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు కలిసి ఇసుక రేణువులను దారాల్లా అల్లి పట్టుకుంటాయి. ఎడారి నేల గాలికి ఎగిరిపోకుండా, మొక్కలకు నత్రజని అందేలా చూసేది ఇదే. ఒక్క బూటు అడుగు పడితే తిరిగి కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఎదురొచ్చేవాళ్లకు దారి ఇవ్వాలన్నా ఆ నేలమీదికి జరగకండి. బండమీదో వాగు ఇసుకలోనో నిలబడి ఇవ్వండి. ఈ విషయంలో నేను మొహమాటం లేకుండా తోటివాళ్లను ఆపుతాను.

రాయి గురించి: సావనదుర్గ గ్రానైటుకు, ఈ ఇసుకరాయికి తేడా ఉంది. పొడిగా ఉన్నప్పుడు ఇసుకరాయి గరుకుగా, బూటును బాగా పట్టుకుంటుంది. దానిమీద రాలిన ఇసుక పలుచగా పరుచుకుని ఉన్నచోట మాత్రం జారిపోతారు. ఏటవాలు దిగేటప్పుడు పాదం మొత్తం ఆనించి, చిన్న అడుగులు వేయండి. వాన పడితే లెక్క మారిపోతుంది. ఇసుకరాయి నీరు పీల్చుకుని బలహీనపడుతుంది, చేత్తో పట్టుకున్న అంచు ఊడి రావచ్చు. తడిసిన బండమీద కనుమ ఎక్కడం, దిగడం ప్రమాదం. ఆకస్మిక వరదలు జులై నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువ. అక్టోబరులోనూ గట్టి వానలు పడే రోజులున్నాయి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన ఎక్కడో కురిసిన వాన వాగులో దిగి రావచ్చు. ఉదయం సందర్శకుల కేంద్రంలో రేంజరును వాతావరణం గురించి అడగండి. ఉరుములు, వాన సూచన ఉంటే ఆ రోజు చుట్టు మానుకోండి.

బెంగళూరులో సాధన ఎలా అన్నారు కదా. మీకు దాదాపు రెండు నెలలుంది. వారాంతాల్లో సావనదుర్గ, శివగంగ మార్చి మార్చి ఎక్కండి. అటవీ శాఖ టికెట్టు, అనుమతి ముందే చూసుకోండి, వానకు తడిసిన రోజు సావనదుర్గ బండ జోలికి వెళ్లకండి. నిండు సీసాలతో 5 కిలోల బరువు మోస్తూ ఎక్కడం ముఖ్యం, ఎందుకంటే అక్కడ ఉదయం మీ వీపున నీళ్ల బరువే 4 కిలోలుంటుంది. కొండ కన్నా నేను ఎక్కువగా పట్టుబట్టేది తలకాడు. అక్కడ కావేరి ఒడ్డు ఇసుకమేటల్లో బూట్లు వేసుకుని గంటన్నర నడిచి చూడండి. ఇసుకలో నడక పిక్కలను ఎలా లాగుతుందో, బూటులోకి ఇసుక చేరితే ఎక్కడ బొబ్బ వస్తుందో అప్పుడే తెలుస్తుంది. కొత్త బూట్లు కొంటుంటే ఈ నెలలోనే కొని అరగదీయండి. వీలైతే బాదామికి ఒకసారి వెళ్లి రండి. అక్కడిది నిజమైన ఎర్ర ఇసుకరాయి, కొండ మీది చీలికల మధ్య మెట్లదారి నీడిల్స్‌కు మంచి పరిచయం. మన కడప జిల్లా గండికోట కూడా అద్భుతమే. కాకపోతే అక్కడి రాయి క్వార్ట్‌జైట్, ఇంకా గట్టిది, అంచులు పదునుగా ఉంటాయి.

ప్రయాణం విషయాలు చకచకా చెప్పేస్తాను. సాల్ట్ లేక్ సిటీ నుంచి మోయాబ్ దాదాపు నాలుగు గంటలు. ముందురోజు రాత్రికే అక్కడ బస చేయండి. అక్కడి నుంచి నీడిల్స్ సుమారు 120 కిలోమీటర్లు. పెట్రోలు మోయాబ్‌లోనే నిండుగా పోయించుకోండి, పార్కు లోపల దొరకదు. నీళ్లు సందర్శకుల కేంద్రంలో పట్టుకోవచ్చు. ఎలిఫెంట్ హిల్‌కు చేరే చివరి 5 కిలోమీటర్లు మట్టిరోడ్డు. పొడిగా ఉంటే మామూలు కారు మెల్లగా వెళ్తుంది. కారు ఆపే చోటు దాటి పైకి వెళ్లే జీపు బాట వైపు మాత్రం మామూలు కారును పోనివ్వకండి. మరుగుదొడ్డి అక్కడే ఉంది, తరువాత దారిలో ఉంటుందని అనుకోకండి. వాడిన కాగితాలను సంచిలో వెనక్కి తేవాలి. డ్రోను ఎగరేయడం నిషేధం.

ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం అక్కడ అద్దెకు తీసుకోండి, చాలా ఉపయోగం. కానీ దాన్ని కొని మన దేశానికి తీసుకురాకండి. అనుమతి లేకుండా అలాంటివి ఇక్కడ వెంట ఉంచుకోవడం చట్టవిరుద్ధం, విమానాశ్రయాల్లో ప్రయాణికులను పట్టుకున్న సందర్భాలున్నాయి.

ఇక గడియారం. అక్టోబరు రెండో వారంలో అక్కడ తెల్లవారేది దాదాపు ఏడున్నరకు, సూర్యుడు అస్తమించేది ఆరున్నర దాటాక. ఎనిమిదికి నడక మొదలుపెట్టండి. తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది కాబట్టి విప్పి సంచిలో పెట్టుకోగలిగిన స్వెట్టరు వేసుకోండి. పదిన్నరకల్లా కనుమ చేరాలి. పదకొండున్నర దాటాక కనుమ చేరితే ఎవరూ చుట్టు తిరగవద్దు, మైదానం చూసి వెనక్కి వచ్చేయండి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు జాయింట్ ట్రెయిల్ ప్రవేశం దగ్గర ఉండాలి. అక్కడ సీసాలు బయటికి తీసి చూడండి, సగం నీళ్లు మిగిలి ఉండాలి. లేకపోతే వచ్చిన దారినే వెనుదిరగండి, తెలిసిన దారిలో తప్పిపోయే అవకాశం తక్కువ. చీలికలు దాటాక వచ్చే మట్టిబాట మీద నీడ ఉండదు, చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒంట్లో శక్తి అక్కడే జారిపోతుంది. తినడానికి ఏమైనా ఆ ముక్క కోసం మిగుల్చుకోండి. తలకు కట్టుకునే లైటు ముగ్గురి దగ్గరా ఉండాలి.

మామగారు కనుమ నుంచి వెనక్కి తిరిగితే ఆయన్ను ఒంటరిగా పంపకండి. మీలో ఒకరు తోడు వెళ్లండి. అప్పుడు మిగిలినవారు ఒంటరిగా చుట్టు తిరగడమూ సరికాదు కాబట్టి, సాల్ట్ లేక్ సిటీ బంధువుల్లో నడవగలిగిన ఒకరిని వెంట రమ్మని ఇప్పుడే అడిగి పెట్టుకోండి. నలుగురైతే ఇద్దరిద్దరుగా విడిపోవచ్చు. కారు తాళం వెనక్కి వెళ్లే జంట దగ్గర ఉండాలి. కారులో ఇంకో 8 లీటర్ల నీళ్లు, రెండు దుప్పట్లు ఉంచండి. చుట్టు తిరిగే జంట ఎన్ని గంటలకు రాకపోతే కారు దగ్గరున్న జంట సందర్శకుల కేంద్రం వైపు వెళ్లి సాయం అడగాలో ఆ సమయాన్ని కాగితం మీద రాసి మామగారి జేబులో పెట్టండి. నేనైతే సాయంత్రం ఆరు అని రాస్తాను.